మూడో మెట్టు మాటలు

ఇంకో గంట ఆగుతానన్నాడు దుకాణం ఖాళీ చేస్తున్న పెద్దాయన, గంటంటే గంటే, తర్వాత లారీ కదులుతుంది, లారీతోపాటు ఇన్నేళ్ళూ ఆయన దుకాణం వెనకగదిలో ఉక్కపోతకు మగ్గిన ఆ కంప్యూటరు డబ్బా కూడా తీగ పీకించుకుని పాత ఇనుములోకి పోతుంది, డబ్బా పోతే అందులోంచి నడిచే ‘పిచ్చాపాటి’ పోతుంది. పేరుకు తగ్గ సైటే. మొహాలు తెలియనివాళ్ళు మారుపేర్లు తగిలించుకుని, కుళాయి కారుతోందనీ మేనేజరు తిట్టాడనీ దగ్గు తగ్గడం లేదనీ ఒకరికొకరు రాసుకున్న చోటు. దాన్ని పోకముందే ఎత్తి దాచడం ఆమె ఉద్యోగం. ఈ గ్రంథాలయంలో పుస్తకాలను దాచేవాళ్ళు కింది అంతస్తుల్లో ఉంటారు, ఇంటర్నెట్టును దాచేవాళ్ళు పైన, ఏసీ కారిన నీళ్ళు బకెట్టులో టపటపా పడే ఈ గదిలో ఉంటారు, ఉంటారంటే ఆమె ఒక్కతే ఉంటుంది. కిందివాళ్ళు ఆమెను చీపురమ్మ అంటారు. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత ఆలోచిస్తే తప్పేముంది అనిపించింది, ఊరంతా పారేసింది ఊడ్చి కుప్ప పెట్టడమేగా చేస్తున్నది. గోడకు మాత్రం పెద్ద అక్షరాల బోర్డు, ‘భావితరాల కోసం’ అని. భావితరాలు అన్నప్పుడల్లా ఆమెకు ఎవరో తెల్లబట్టలవాళ్ళు వరుసగా నిలబడి కనిపించేవారు, మొహాలు లేకుండా. ఇప్పుడు ఒక మొహం కనిపిస్తోంది, పళ్ళకు క్లిప్పులు పెట్టుకున్న మొహం, అక్క కూతురి మొహం, అదే వచ్చిన చిక్కు.

తెర మీద పచ్చగీత పాకుతోంది, నత్త నయం. ఇంత ఇరుకున పడాల్సిన పని కాదు ఇది, నిన్న సాయంత్రమే యంత్రాన్ని వదిలి ఇంటికి పోయింది, తెల్లారేసరికి సైటు మొత్తం వచ్చి కూర్చోవాలి. ఆ యంత్రానికి ఆమె పెట్టుకున్న పేరు ఎద్దు. ఒక పేజీలోకి తోలితే అందులో ఉన్న లింకులన్నిటి వెంటా పోతుంది, పోయినచోట ఉన్న లింకుల వెంట మళ్ళీ పోతుంది, అడ్డు లేకపోతే గుడ్డెద్దు చేలో పడ్డట్టే. అందుకే ముందే కంచె కట్టాలి, ఇటు పో, అటు పోకు అని. ‘పిచ్చాపాటి’లో ఒక మూల చిన్న క్యాలెండరు ఉంది, దాని పక్కన బాణం గుర్తు, నొక్కితే పక్క నెల వస్తుంది, ఆ నెల పక్కన మళ్ళీ బాణం. నెలలకు అంతేముంది? పొద్దున వచ్చి చూస్తే ఎద్దు తెచ్చింది దించే కొట్టం నిండా నెలలు. వచ్చే ఏడాది, ఆపై ఏడాది, ఇప్పుడున్న పసిపిల్లల మునిమనవలు కూడా చూడని ఏళ్ళు, ఒక్కో నెలా శుభ్రంగా గళ్ళు గీసుకుని, ఏ గడిలోనూ ఒక్క అక్షరం లేకుండా. మనుషులు రాసుకున్నదేమో గుప్పెడు కూడా రాలేదు. ఈ పని నేర్చుకోవడానికి వచ్చిపోయేవాళ్ళకు ఆమె మొదటి రోజు చెప్పే మొదటి మాట క్యాలెండరుకు కంచె కట్టండర్రా అని. తనే కట్టలేదు. మరిచిపోయిందా? మరిచిపోయిందనే అనుకుంటోంది. కంచె కట్టే వేళకు బుర్రలో అక్క మాట గింగిరాలు తిరుగుతోంది, ఊళ్ళో చెత్తంతా ఏరుకోవే, నాది మాత్రం ముట్టుకోకు. ఒకవేళ ఎద్దు దారి తప్పాలనే ఎక్కడో లోపల కోరుకుందా, మాయమైపోతే తన మీద మాట ఉండదు కదా అని? తన మనసులోకి తనే తొంగిచూసింది, నూతిలోకి చూసినట్టు, తన మొహమే కనిపించింది తప్ప అడుగు కనిపించలేదు.

ఆ పెద్దాయన ఇంటర్నెట్టు లైను దారంలా సన్నం. ఉన్న గంటలో సైటంతా రాదు, ఒక్క విభాగం వస్తే గొప్ప. ‘కుళాయిలు, తాళాలు’ ఉంది, ‘ఉద్యోగాలు, ఊడడాలు’ ఉంది, ‘జలుబు మొదలు’ అని ఒకటుంది, ఎవరైనా అందులో ఒకటి ఎంచుకునేవారు. ఆమె వేలు పోయి ‘చెప్పుకోలేనివి’ మీద పడింది. ఎందుకు పడిందంటే, సైటు మొత్తంలో దాచదగ్గది అదేనని ఉద్యోగం చెబుతోంది. ముట్టుకోకూడనిదీ అదేనని చెల్లెలు చెబుతోంది. ఉద్యోగమూ తనే, చెల్లెలూ తనే, కరవమంటే కప్పకు కోపం విడవమంటే పాముకు కోపం అంటారు, ఇక్కడ కప్పా పామూ ఒకే చొక్కా వేసుకుని ఒకే కుర్చీలో కూర్చున్నాయి. వచ్చినంత రానీ, తర్వాత చూద్దాం, అనుకుంది. కానీ తర్వాత అనేది ఈ పనిలో లేదు. ఎద్దు తెచ్చిందంతా గుమ్మం దగ్గర ఆగుతుంది, లోపలికి తీసుకోమంటారా అని తెర అడుగుతుంది, అవునంటే ముద్ర పడుతుంది, ముద్ర పడిన మూటలోంచి ఒక్క పుల్ల తీయడం ఆమె తరం కాదు, ఆమె పైవాళ్ళ తరం కూడా కాదు, ఎవరూ ఏదీ మార్చలేదని రేపటివాళ్ళు నమ్మాలి కదా. కాదంటే చెరిగిపోతుంది, అక్కడ అసలూ పోయి ఇక్కడ నకలూ పోయి, ఆ మాటలు ఎవరూ ఎప్పుడూ అననట్టే.

ఫోను మోగింది. పెద్దాయన.

“అమ్మా, బల్లలన్నీ ఎక్కించేశారు. ఈ డబ్బా ఒక్కటే మిగిలింది. దీనిమీద కూలీ ఒకాయన కూర్చుని టీ తాగుతున్నాడు, వెచ్చగా ఉందట.”

“లేపండి బాబాయిగారూ! టీ ఒలికిందంటే...”

“లేపితే లారీ కూడా లేచిపోతుందమ్మా, కూర్చోనీ. అయినా ఏముందని నీకింత పాకులాట? సగం తిట్లు, సగం కషాయాలు.”

“బాబాయిగారూ, తుప్పు సైకిలు అని ఒకాయన రాసేవాడు, గుర్తుందా? ఎవరాయన?”

“నాకేం తెలుసు? మొహాలు చూపించుకునే చోటా అది? ఆయనే అనుకుంటున్నావు గానీ, ఆవిడేమో. కానివ్వు, కానివ్వు, డ్రైవరు నావైపు చూస్తున్నాడు.”

ఆయనో ఆవిడో. ఆమె ఎప్పుడూ ఆయన అనే అనుకుంది, చదివినంతసేపూ ఒక బొంగురు గొంతు వినిపించింది, బీడీ గొంతు. చదవనని అక్కకు మాటివ్వలేదు, అడగలేదు కనక ఇవ్వలేదు, అడిగి ఉంటే ఇచ్చి ఉండేది, ఇచ్చినా చదివి ఉండేది. ‘పిచ్చాపాటి మూతపడుతోందక్కా’ అని ఏదో మాటల్లో అంటే, తన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దం తుడుస్తున్న అక్క చెయ్యి ఆగింది, పోనీ పీడా పోతుంది అంది, కాసేపటికి అందులో నేను రాసినవి ఉన్నాయే అంది, మారుపేరేమిటని అడిగితే చెప్పలేదు. చెప్పకపోతే తెలియదా? ‘మూడో మెట్టు’ అనే పేరు కనిపించగానే తెలిసిపోయింది. అక్కావాళ్ళ పాత ఇంటి మెట్లు, సిమెంటు పెచ్చులూడి చువ్వలు బయటపడ్డ మెట్లు, కింది నుంచి మూడోదాని మీద అయితేనే ఫోనుకు సిగ్నలు అందేది, కాన్పయ్యాక అక్క గంటలు గంటలు అక్కడే కూర్చునేది, తల వంచుకుని, బొటనవేళ్ళు టకటకలాడిస్తూ. తను అప్పుడు సాయానికని వెళ్ళి ఉంది. పిల్ల తన ఒళ్ళో ఉండేది. వేడి నెత్తి, పుల్లటి పాల వాసన, చెవి వెనక నూగు. అక్క స్నేహితులతో కబుర్లాడుతోంది కాబోలు అనుకుంది. అక్క రాస్తున్నది ఇది:

‘ఇది నా కడుపులోంచి వచ్చిందంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఏడుస్తుంటే పక్కింటి పిల్ల ఏడుస్తున్నట్టే ఉంది. ఎవరైనా వచ్చి తీసుకుపోతే తలుపు నేనే తీస్తాను.’

ఆల్బంలో ఒక ఫొటో ఉంది, పిల్లను ఎత్తుకుని అక్క నవ్వుతోంది, బావ తీసిందే, అదే వారంలో. ఎంత చక్కటి నవ్వు. ఆ నవ్వును ఇన్నేళ్ళు నమ్మింది. ఏది నిజం మరి, నవ్వా, రాతా? రాసి వచ్చి నవ్విందా, నవ్వి వెళ్ళి రాసిందా? రేపు ఎవరో ఒక పండితుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒకటి అబద్ధమని తేలుస్తాడు, రెండూ ఒకే మనిషివని తేల్చడానికి ఆ మనిషి పక్కన పడుకుని ఉండాలి, అర్ధరాత్రి లేచి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూడటం చూసి ఉండాలి, తను చూసింది, ఆ వేలు ప్రేమతో పెట్టిందా భయంతో పెట్టిందా అప్పుడు అడగాలని తోచలేదు, ఇప్పుడు అడిగితే అక్కకు కూడా తెలియదేమో. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఇంట్లోవాళ్ళెవరికీ చెప్పుకోలేదు, ఊరూపేరూ లేనివాళ్ళకు చెప్పుకుంది. వాళ్ళలో చాలామంది తిట్టారు. నువ్వూ ఒక తల్లివేనా అన్నారు, ఒకావిడ దేవుడు చూస్తున్నాడు అంది. అన్నిటికీ కింద తుప్పు సైకిలు.

‘అమ్మా మూడో మెట్టూ, ఇష్టం రాకపోతే రానియ్యకు. టైముకి రావడానికి అదేమన్నా బస్సా. ముందు పాలు పట్టు, ఇష్టం సంగతి నిదానంగా చూసుకుందాం. రేపు తాగిందో లేదో ఇక్కడ రాయి. రాయలేదనుకో, బెల్లు లేని సైకిలేసుకుని వెతుక్కుంటూ వస్తా.’

మర్నాడు అక్క ఒక్క మాట రాసింది, ‘తాగింది.’ తుప్పు సైకిలు అడిగాడు, ‘ఎంత?’ ఆ మర్నాడు మళ్ళీ. ‘తాగింది.’ ‘కక్కిందా?’ ‘కొంచెం.’ ‘నువ్వు తిన్నావా?’ ఇలా పోతుంది, పేజీలకు పేజీలు, పెద్ద మాట ఒక్కటీ లేదు, తత్వం లేదు, పాలు, కక్కడం, నిద్ర, మధ్యలో ఒకచోట అక్క రాసింది, ‘ఇవాళ నా వేలు పట్టుకుంది. విడిపించుకోవాలనిపించలేదు.’ దానికి తుప్పు సైకిలు జవాబు, ‘సరే. పాలు?’ ఆ జవాబు దగ్గర ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతుంటే తెర మసకబారింది, ఇలాంటిది ఒక్కటి దాచితే చాలు కదా జీతానికి న్యాయం జరిగినట్టే అనిపించింది. కింద అంతస్తుల్లో ఇనప బీరువాల్లో ఉన్న ఏ పుస్తకంలోనైనా ఉందా, ఒక మనిషిని ఇంకో మనిషి చూడకుండా, ముట్టుకోకుండా, పాలు పాలు అంటూ గట్టుకు లాగడం?

అయితే చదివేది ఎవరు? భావితరాలు. భావితరాలు పోయిన వారం వచ్చి ఇదే బల్ల అంచు మీద ఎక్కి కూర్చుని కాళ్ళూపుతూ పకోడీల్లా ప్రశ్నలు వేసింది, కాలేజీలో ప్రాజెక్టట, వాళ్ళమ్మ వయసువాళ్ళు ఇంటర్నెట్టులో ఎలా మాట్లాడుకునేవాళ్ళో రాయాలట. ‘పిన్నీ, పిచ్చాపాటి ఎత్తుతున్నావటగా, ఎత్తాక ముందు నాకే చూపించాలి, ఒట్టెయ్యి’ అంది. దానికి మూడో మెట్టు సంగతి తెలుసు, ఆ మెట్టు మీదే అక్షరాలు దిద్దింది, అక్కడే మోకాలు చీరుకుంది, పేరు చూసిందంటే క్షణం పట్టదు. తేదీలు చూసుకుంటుంది, తన పుట్టినరోజు చూసుకుంటుంది. తలుపు నేనే తీస్తాను. ఆ ఒక్క వాక్యం దాని గుండెలో దిగబడితే, కింద ఉన్న ఆ పాల జవాబులన్నీ చదివే ఓపిక ఉంటుందా దానికి? చదివితే మంచిదే, చదవకపోతే? పెదవి దాటితే పృథివి దాటుతుందన్న మాట కూడా పాతబడిపోయింది, ఇప్పుడు పృథివి దాటిన మాట తిరిగి తిరిగి మన గుమ్మంలోకే వస్తుంది. ఎవరి కోసం దాస్తున్నామో వాళ్ళకే కనపడకూడనిది ఒకటుంటే, అప్పుడు ఆ బోర్డు దించెయ్యాలా, ఈ మూట దించెయ్యాలా?

అక్క రాసినవి మాత్రం ఏరి పారేసి మిగతాది ఉంచవచ్చు కదా అని పొద్దుటినుంచీ ఒక మనసు పోరుతూనే ఉంది, ముద్రకు ముందైతే ఆ వీలుంది. వచ్చినంతలో ఒక పేజీ తెరిచి ప్రయత్నించి చూసింది కూడా. ‘పిచ్చాపాటి’కి ఒక అలవాటు, ఎవరు జవాబు రాసినా, ఎవరికి రాస్తున్నారో వాళ్ళ మాట మొత్తం పైన సన్నటి అక్షరాల్లో మళ్ళీ అచ్చవుతుంది, దాని కింద జవాబు. ఆ జవాబుకు జవాబు రాస్తే రెండూ అచ్చవుతాయి. అక్క అన్న ప్రతి మాటనూ తుప్పు సైకిలు నెత్తిన పెట్టుకుని ఉన్నాడు, తిట్టినవాళ్ళు కూడా నెత్తిన పెట్టుకునే తిట్టారు. అక్కను తీస్తే ఆయన పోతాడు. ఆయన్ను ఉంచితే అక్క ఉంటుంది. పాలల్లో నీళ్ళు విడదీసే పక్షి ఏదో ఉందంటారు, ఆ పక్షికి కూడా కంప్యూటరు ఇస్తే తెలిసేది.

పచ్చగీత నిండింది. ‘చెప్పుకోలేనివి’ మొత్తం వచ్చి గుమ్మంలో నిలబడింది, లోపలికి తీసుకోమంటారా? అవును, కాదు. ఆ రెండు మాటల మధ్య తెల్లటి ఖాళీ, బొటనవేలంత. పెద్దాయన నుంచి సందేశం, తీగ పీకేశామమ్మా, దండం. అంతే. సైటును తెరిచి చూస్తే తెల్లటి పేజీ, దొరకలేదు అన్న ముక్క. ప్రపంచంలో ఆ మాటలు ఇంకెక్కడా లేవు, ఆమె వేలికింద తప్ప, ముద్ర పడకపోతే సాయంత్రం కొట్టం శుభ్రం చేసే వేళకు ఇక్కడా ఉండవు. వేలు అవును మీదకు పోయింది, కాదు మీదకు పోయింది, చివరికి ఫోను మీదకు పోయింది.

“ఒక్క నిమిషం సార్, ఆ ఫ్రేము మీకు వెడల్పు, ఇది పెట్టి చూడండి... ఆ, చెప్పవే.”

“అక్కా, వచ్చేసింది. నీది కూడా వచ్చింది.”

అవతల అద్దాలు అరగదీసే మరమోత. అక్క గొంతు తగ్గింది.

“ముట్టుకోవద్దన్నానా?”

“అన్నావు.”

“చదివావా?”

“చదివాను.”

మోత ఆగింది. ఎవరో అద్దంలో బావుందా అని అడుగుతున్నారు, చాలా బావుంది సార్ అంటోంది అక్క, ఏ మాత్రం తొణకని అమ్మకపు గొంతుతో, అదే నవ్వు అయి ఉంటుంది మొహాన, ఆల్బంలోది. తలుపు గంట మోగింది, ఆయన వెళ్ళినట్టున్నాడు.

“ఆ సైకిలాయన రాసినవి ఉన్నాయా?”

“అన్నీ ఉన్నాయక్కా.”

“ఆయనవి ఉంచు. నావి పీకి పారెయ్.”

“రావక్కా. ఆయన మాటల్లో నీవి కలిసిపోయి ఉన్నాయి. ఉంచితే రెండూ, తీస్తే రెండూ.”

“నీ చదువు తగలెయ్య, ఆమాత్రం విడదీయడం కూడా రాదా?”

“నాకే కాదు, ఎవరికీ రాదు.”

 బల్ల మీద ఏదో వస్తువును అక్క అటు జరిపి ఇటు జరిపిన చప్పుడు. తర్వాత అంది, “ఆయనే లేకపోతే పిల్లా లేదు, నేనూ లేనే. ఒక్కసారి కూడా పేరడగలేదు. థాంక్స్ కూడా చెప్పినట్టు లేదు.”

“చెప్పలేదు. చూశాను.”

“నోర్ముయ్యవే.” ముక్కు ఎగబీల్చిన చప్పుడు. “అది చూస్తుంది కదూ, నువ్వు దాస్తే?”

“చూస్తుందక్కా. దాచాక చూపించమని ముందే ఒట్టేయించుకుంది.”

“ఆగు. ఫోను పెట్టకు.”

ఆగడమంటే ఏమిటి, సరేననా, కాదనా? అడగబోయింది, అప్పటికే అక్క ఫోను బల్ల మీద పెట్టేసింది, ఆ శబ్దం చెవిలో రాయిలా పడింది. దుకాణం గాజుతలుపు లాగి గడియ వేసిన చప్పుడు. ‘ఒసేయ్, ఆ చెవిలోవి తీసి ఇలా రా’ అని అక్క కేక. అంటే పిల్ల అక్కడే ఉంది, కాలేజీ నుంచి నేరుగా వచ్చినట్టుంది. కుర్చీ ఈడ్చిన మోత. ‘ఏంటమ్మా, మధ్యాహ్నంపూట తలుపేశావు, ఎవరైనా పోయారా?’ అంటోంది పిల్ల, నవ్వుతూ. ఎవరూ పోలేదు, కూర్చో, అంది అక్క. గొంతు మామూలుగానే ఉంది, ఇందాక ఫ్రేము వెడల్పని చెప్పినట్టే ఉంది.

“నువ్వు పుట్టిన కొత్తలో నాకు నువ్వంటే ఇష్టం లేదు. వేరేచోట చదువుతావని భయంగా ఉంది. అందుకని నా నోట విను.”

ఇటువైపు ఆమె కుర్చీలో నిటారుగా అయిపోయింది. చెవి ఫోనుకు అంటుకుపోయింది, ఒంట్లో ఉన్న ప్రాణమంతా ఆ చెవిలోకే వచ్చింది. పిల్ల ఏమంటుందో. ఇంకా ఏమీ అనలేదు, ఊపిరి తీసుకుంది, ఏదో అనబోతోంది. ఈ ఫోనులో మాటలు పట్టి ఉంచే బొత్తం ఉంది, ఎర్రటిది, కనిపిస్తూనే ఉంది, అలవాటుపడ్డ వేలు దానివైపు నిజంగానే కదిలింది, ఇంతకంటే దాచవలసింది ఏముంటుంది, మూటకు ముగింపు ఇదే కదా, ఇది లేకపోతే చదివేవాళ్ళకు ఆ పాలు తాగిన పిల్ల ఏమైందో ఎలా తెలుస్తుంది? తెలియకపోతే ఏం? ఎవరూ అడగకుండా, ఎవరికీ చూపించడానికి కాకుండా ఒక తల్లి చెబుతోంది, ఒక కూతురు వినబోతోంది, గదిలో వాళ్ళిద్దరికే చోటుంది. మూడో మనిషి ఎందుకు చెవి పెట్టాలి, జీతానికా, ప్రేమకా? ఏమో. తోచలేదు. ఏది తప్పో ఏది ఒప్పో ఇప్పటికీ తోచలేదు, వేలికి మాత్రం తోచినట్టుంది. పిల్ల గొంతు ‘అంటే’ అని మొదలవుతుండగా ఫోను కట్టేసింది. అదే వేలితో, ఆలోచించే వ్యవధి తనకు తను ఇచ్చుకోకుండా, తెర మీద అవును నొక్కింది. ముద్ర పడింది.

ఏ మాటా పోనివ్వకూడదని ఉద్యోగం చేస్తున్న మనిషి, చేజేతులా పోనిచ్చిన ఆ ఒక్క మాట ఏమై ఉంటుందా అని, చీకటిపడిన ఫోనును రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. అంటే. అంటే, ఏమిటి? అడిగితే అక్క చెబుతుంది. అడగకూడదనుకుంది.